విద్యార్థులకు నీడనిచ్చిన కొత్వాలు

అన్నదానమును, విద్యాదానమును మన పెద్దలు దానములలో గొప్పవిగా నెంచిరి. అన్నము ఆ పూట ఆకలిని తీర్చును. విద్య జన్మమంతయు తోడుండును. ఈ రెండు దానములును ఒక్క కప్పు క్రింద జరుగు స్థలమే విద్యార్థి వసతి గృహము. పూర్వపు గురుకులములు అట్టివే. సాందీపని ముని యాశ్రమమున శ్రీకృష్ణుడును, పేదవాడగు కుచేలుడును కలిసి నివసించి, గురుపత్ని పంపగా అడవికి పోయి కట్టెలు తెచ్చిరని భాగవతము చెప్పుచున్నది. ఆ గురుకులములు అంతరించిన పిమ్మట పల్లెటూరి బాలునకు పట్టణములో తలదాచుకొను చోటు కరవయ్యెను. నైజాము రాష్ట్రమునందు ఆ లోటును గుర్తించి, దానిని తీర్చుటకు నడుము కట్టినవారిలో అగ్రగణ్యులు రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి గారు.

వారు 1869వ సంవత్సరము ఆగస్టు 22వ తేదీన వనపర్తి సంస్థానమునకు చెందిన రాయణిపేట గ్రామములో జన్మించిరి. పసితనముననే తల్లిని పోగొట్టుకొని అమ్మమ్మ పెంపకమున పెరిగిరి. పిదప బంధువుల యాశ్రయమున బాల్యము గడపిరి. పరుల యింట నుండి చదువుకొను బాలుని స్థితి ఎట్టిదో అనుభవించినవారికే తెలియును. ఇంటివారు ఎంత మంచివారైనను, మరల కొంచెము వడ్డింపుడని అడుగుటకు వానికి నోరు రాదు. దీపపు నూనె ఖర్చగునని రాత్రి చదువు మానుకొనును. ఇంటిలో పెండ్లి వచ్చినను, చుట్టములు వచ్చినను ముందుగా పడక కోల్పోవువాడు వాడే.

ఇరువది యేండ్లు నిండక మునుపే వెంకటరామారెడ్డి గారు రాయచూరు ప్రాంతమందలి ముద్గల్లులో పోలీసు అమీనుగా కొలువున చేరిరి. పెద్ద పరీక్షలు ప్యాసైనవారు కారు. కాని తెలుగేగాక ఉర్దూ, ఫారసీ, కన్నడము, మరాఠీ నేర్చి, జిల్లాలయందు పనిచేసి, ప్రజల మంచి చెడ్డలు ఎరిగి, క్రమక్రమముగా పై పదవులకు వచ్చిరి. హైదరాబాదులో సహాయ కొత్వాలుగా నుండి 1920లో నగర కొత్వాలైరి. కొత్వాలనగా రాజధాని పోలీసులకెల్ల అధిపతి. ప్రభువు సమ్ముఖమునకు నేరుగా పోగలిగిన అధికారి. ఆసఫ్‌జాహీల పాలనలో ఆ పదవి నందిన తొలి హిందువు వారే. ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాను గారి విశ్వాసమునకు పాత్రులై 1934 వరకు ఆ భారమును మోసిరి. అటుపిమ్మట నిజాము సొంత ఎస్టేటగు సర్ఫెఖాసులోను ఉద్యోగము చేసిరి.

అయినను తెలంగాణ ప్రజలు వారిని తలచుకొనునది కొత్వాలు పదవి కొరకు మాత్రమే కాదు. ఆ పదవి రాకమునుపే, 1918లో, వారు ముందు నిలిచి హైదరాబాదులో రెడ్డి హాస్టలును నెలకొల్పిరి. ఉర్దూ బోధనా భాషగా ఉస్మానియా విశ్వవిద్యాలయము స్థాపింపబడినదియు ఆ సంవత్సరముననే. పై చదువుల ద్వారము తెరువబడెను. కాని ఆ ద్వారము వరకు పల్లెటూరి బాలుడు చేరుటెట్లు? ఆ కాలమున నారాయణఖేడు బీదరు జిల్లాలో నొక తాలూకా. ఇక్కడి నుండి రాజధాని వంద కిలోమీటర్లకు పైబడిన దూరము. ఉన్నత పాఠశాలలు పట్టణములందే యుండెను. బడిలో జీతము కట్టగలిగిన తండ్రికి సైతము, పిల్లవానికి రెండు పూటల అన్నము పెట్టి కనిపెట్టుకొనువారు నగరములో లేకున్న ఆ చదువు అంతటితో ఆగిపోయెడిది. చదువునకు అడ్డము వచ్చినది బుద్ధిలేమి కాదు, బస లేమి. వెంకటరామారెడ్డి గారు కనుగొన్న సత్యమిదియే. కలిగినవారిని కలిసి చందాలు పోగుచేసి ఆ బసను వారు కల్పించిరి.

తొలిసారి వసతి గృహమున అడుగిడు బాలుని మనస్సు ఎట్లుండునో ఊహింపవచ్చును. తెచ్చుకొన్నది ఒక పెట్టె, ఒక పరుపుచుట్ట. చుట్టును తెలియని ముఖములు. రాత్రి నిద్ర రాదు. ఇల్లు తలపునకు వచ్చును. ఉదయము గంట మ్రోగగానే లేవవలెను, తన పళ్లెము తానే కడుగుకొనవలెను, తన బట్టలు తానే ఉదుకుకొనవలెను. కొన్ని దినములు గడచునప్పటికి ప్రక్క పడకవాడు స్నేహితుడగును. ఇంటిలో ముద్దుబిడ్డయైనవాడు పంక్తిలో పదిమందిలో ఒకడగును. పుస్తకములో లేని పాఠమిది.

రెడ్డి హాస్టలు భోజనము పెట్టు సత్రముగా మిగిలిపోక విద్యాస్థానమగుటకు మరియొక కారణము కలదు. అక్కడ మంచి గ్రంథాలయముండెను. గోలకొండ పత్రికను స్థాపించిన సురవరము ప్రతాపరెడ్డి గారు ఆ హాస్టలు కార్యదర్శిగా పెక్కేండ్లు పనిచేసి, గ్రంథ సంపదను పెంచి, విద్యార్థులకు తెలుగు భాషపై అభిమానము కలిగించిరి. పగలు ఉర్దూలో పాఠములు విన్న బాలుడు సాయంకాలము తన భాషలో చదువుకొనుటకు అది తావయ్యెను. ఆ ప్రతాపరెడ్డి గారే 1930లో మన పొరుగున నున్న జోగిపేటలో జరిగిన ప్రథమాంధ్ర మహాసభకు అధ్యక్షత వహించిరి. వెంకటరామారెడ్డి గారి జీవిత చరిత్రను గ్రంథముగా రచించినవారును వారే.

ఇక్కడ విచిత్రమొకటి కలదు. నిజాము ప్రభువునకు నమ్మిన బంటైన కొత్వాలు పెంచిన ఆ గృహములోనే రావి నారాయణరెడ్డి గారు విద్యార్థిగా నుండిరి. తరువాత వారు నిజాము పాలన నెదిరించిన తెలంగాణ పోరాటమునకు నాయకులై, 1952 ఎన్నికలలో నల్లగొండ నుండి లోకసభకు ఎన్నికైరి. అన్నము పెట్టినవాడు ఆలోచనకు సంకెల వేయజాలడు. చెట్టు నాటినవాడు నీడ నీయగలడు గాని, ఆ నీడను కూర్చున్నవాడు ఏ త్రోవను పోవలెనో నిర్ణయింపలేడు.

ఆ హాస్టలు ఒక కులము పేరిట వెలసినదన్న మాటను దాచనవసరము లేదు. అది ఆనాటి రీతి. ఇతర కులములవారును తమ తమ వసతి గృహములను స్థాపించుకొనిరి. కాని చందాలీయగల ధనికులు లేని కులముల బిడ్డలకు అట్టి నీడ సులభముగా దొరకలేదు. స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వము నెలకొల్పిన సాంఘిక సంక్షేమ, గిరిజన సంక్షేమ వసతి గృహములు ఆ కొరతను చాలవరకు తీర్చినవి. నేడు మన ప్రాంతపు తండాల నుండి పెట్టె పట్టుకొని బయలుదేరు బిడ్డకు తన కులమున ధనికుడున్నాడా యని వెదకు పనిలేదు. 1918నాటి యత్నముకంటె ఇది పెద్ద అడుగు. ఐనను ఆనాటి అడుగు లేక ఈనాటి అడుగు లేదు.

వెంకటరామారెడ్డి గారు బాలికల విద్యకును అండగా నిలిచిరి. మాడపాటి హనుమంతరావు గారు 1928లో స్థాపించిన ఆంధ్ర బాలికల పాఠశాలకు తోడ్పడిరి. 1953 జనవరి 25న వారు దివంగతులైరి. వారి పేర నారాయణగూడలో మహిళా కళాశాల కలదు. తెలంగాణ పోలీసు అకాడమీకిని వారి పేరే పెట్టబడినది.

మన యూరి బిడ్డ తొలిసారి వసతి గృహమునకు వెళ్లునాడు ఇంటివారు పచ్చడి జాడీ, దుప్పటి కట్టి యిత్తురు. దానితోపాటు మన గ్రంథాలయము నుండి ఒక పుస్తకము కూడ వాని పెట్టెలో చేరవలెను. నిద్రపట్టని ఆ మొదటి రాత్రి ఇంటి భాషలో పలుకరించు తోడు అదియొక్కటే.