నమ్మకమే మూలధనం: డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్య

సిరిసిల్లలో మగ్గం నడిపే నేతగానికైనా, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాలలో బీడీలు చుట్టి సంసారం ఈదే తల్లికైనా, పసుపు పండించే రైతుకైనా అప్పు అనే మాట కొత్త కాదు. నూలు కొనాలన్నా, విత్తనం వేయాలన్నా ముందుగా ఎవరి వాకిటనో నిలబడవలసిందే. ఆ వాకిలి వడ్డీ వ్యాపారిదా, పదిమంది కూడి నిలుపుకొన్న సంస్థదా అన్నదాని మీదనే ఆ కుటుంబపు బాగోగులు ఆధారపడి ఉంటాయి. ఈ సత్యాన్ని నూరేండ్లకు పూర్వమే గ్రహించిన ఒక వైద్యుని జీవితాన్ని మా విద్యార్థుల ముందుంచదలచాము.

డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు 1880 నవంబరు 24న గుండుగొలనులో ఒక పేద కుటుంబంలో జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయారు. అయినను చదువు విడువక, మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టభద్రులై, పిదప వైద్యవిద్య నభ్యసించి మచిలీపట్నంలో వైద్యులుగా స్థిరపడ్డారు. చేతినిండా రాబడి ఉన్న ఆ వృత్తిని దేశసేవ కొరకు వదలుకొన్నారు.

స్వరాజ్యమంటే జెండా మాత్రమే కాదనీ, సామాన్యుని కష్టార్జితం సామాన్యునికే అక్కరకు రావాలనీ ఆయన తలచారు. 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు స్థాపనకు పూనుకొన్నారు. 1923 నవంబరులో ఆంధ్రా బ్యాంకును మచిలీపట్నంలో ఆరంభించారు. నాటి దాని చెల్లించిన మూలధనం ఒక లక్ష రూపాయలు మాత్రమే. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్స్ కంపెనీ, 1929లో భారతలక్ష్మీ బ్యాంకు వెలిశాయి. ఒకరి పొదుపు మరొకరి పెట్టుబడి కావడమే బ్యాంకు రహస్యం. దాచుకొన్నవాడు అడిగిననాడు సొమ్ము తిరిగి చేతిలో పడితేనే ఆ చక్రం తిరుగుతుంది. మన ఇండ్లలో దీనినే అమానత్ అంటాము. పరుల సొమ్మును తన సొమ్ముకంటె భద్రంగా కాపాడవలసిన ధర్మమది.

ఆయనకు మాతృభాషపై గల పట్టుదల కూడా చెప్పుకోదగినది. ఉత్తరాల మీద చిరునామాలను సైతం తెలుగులోనే వ్రాసేవారు. తన భాషలో లెక్క చూచుకోగలిగినవాడే మోసపోకుండా ఉండగలడని మేమును నమ్ముతాము.

రాజకీయాలలో ఆయన జయాపజయాలు రెండింటినీ చవిచూశారు. 1939లో కాంగ్రెసు అధ్యక్ష పదవికి పోటీచేసి, సుభాష్ చంద్రబోసు చేతిలో రెండువందలకు పైగా ఓట్ల తేడాతో ఓడిపోయారు. గాంధీజీ ఆ ఓటమిని తనదిగా భావించారు. 1942లో క్విట్ ఇండియా ఉద్యమకాలంలో ఆయనను అహమద్‌నగర్ కోటలో నిర్బంధించారు. మౌలానా ఆజాద్, నెహ్రూ, పటేల్ ప్రభృతులు నాడు ఆయన సహవాసులు. ఉర్దూ పాఠకులకు ప్రియమైన గుబారె ఖాతిర్ గ్రంథంలోని లేఖలను ఆజాద్ వ్రాసింది ఆ గోడల మధ్యనే. పట్టాభిగారి జైలు రచన ఫెదర్స్ అండ్ స్టోన్స్ కూడా అక్కడిదే. 1948లో జయపురం కాంగ్రెసు మహాసభకు ఆయన అధ్యక్షులయ్యారు. రాజ్యాంగ సభ సభ్యులుగా, అదియే పార్లమెంటుగా పనిచేసిన కాలంలో, దేశ శాసన నిర్మాణంలో పాల్గొన్నారు. భాషారాష్ట్రాల విషయమై నెహ్రూ, పటేల్‌లతో కలసి 1949లో ఇచ్చిన నివేదిక, మద్రాసు నగరంపై ఆశ వదలుకొనుమన్నందున అనేకమంది ఆంధ్రులకు నిరాశ కలిగించిన మాట నిజమే. 1952 నుండి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నరుగా పనిచేసి, 1959 డిసెంబరు 17న పరమపదించారు.

లోకం ఆయన పేరు చెప్పగానే 1939 నాటి ఓటమినే తలచుకొంటుంది. ఆయన నిలబెట్టిన సంస్థను తలచేవారు తక్కువ. భారతలక్ష్మీ బ్యాంకు 1964లో ఆంధ్రా బ్యాంకులో కలిసింది. ఆంధ్రా బ్యాంకు 1980లో జాతీయమై, 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. తొంబదియారేండ్లకు పైగా నిలిచిన పేరు బోర్డుల మీదనుండి తొలగిపోయింది. అయినను ఆ పేరు పోయిననాడు ఖాతాదారుని సొమ్ము పోలేదు. మంచి సంస్థకు గురుతు ఇదియే. స్థాపకుడు గతించినా, పేరు మారినా, ఇచ్చిన మాట చెల్లుతూనే ఉంటుంది.

మన కళాశాల వంటి విద్యాసంస్థకును ఇది పాఠమే. అల్పసంఖ్యాకుల సంస్థ పెద్ద నిధులతో గాక, పదిమంది విశ్వాసంతో నిలుస్తుంది. కమిటీ పెద్దలు లెక్కను శుభ్రంగా ఉంచినప్పుడు, అధ్యాపకులమైన మేము గంటకు తరగతిలో ఉన్నప్పుడు, విద్యార్థులు తల్లిదండ్రుల చెమట సొమ్మును వృథా చేయనప్పుడు ఆ అమానత్ భద్రంగా ఉంటుంది. పట్టాభిగారి జీవితం నుండి మేము గ్రహించినది ఇంతే. మా విద్యార్థులును గ్రహింతురు గాక.