మన దేశంలో ఆదాయపు పన్నుకు ఆద్యుడు జేమ్స్ విల్సన్

ఏటా ఫిబ్రవరి వచ్చిందంటే ఉద్యోగులూ, పింఛనుదారులూ బీమా రసీదులు, పొదుపు పత్రాలు వెతుక్కుంటూ ఆదాయపు పన్ను లెక్కల్లో పడిపోతారు. పన్నును తిట్టుకోని వారు అరుదు. ఆ పన్నును మొట్టమొదట ఈ దేశంలో ప్రవేశపెట్టిన వ్యక్తి గురించి తెలిసిన వారు ఇంకా అరుదు. ఆయనే జేమ్స్ విల్సన్.

విల్సన్ 1805 జూన్ 3న స్కాట్లండులోని హావిక్ పట్టణంలో క్వేకర్ మతశాఖకు చెందిన కుటుంబంలో జన్మించాడు. తండ్రి ఉన్ని బట్టల తయారీదారు. విల్సన్ పదహారో ఏట టోపీల తయారీలో పని నేర్చుకోవడానికి చేరి, కొంతకాలానికి లండన్ వెళ్లి అదే వ్యాపారంలో బాగా గడించాడు. అయితే నీలిమందు ధర పెరుగుతుందన్న ఆశతో పెట్టుబడి పెట్టి, 1830ల చివరలో ఆస్తిలో చాలా భాగం పోగొట్టుకున్నాడు. అప్పులవాళ్లు ఆయన ఆస్తులను బాకీ కింద జమకట్టుకుని సరిపెట్టుకున్నారు. ఆ ఆస్తులకు అనుకున్న ధర రాలేదు. చట్టప్రకారం ఇక తనకు బాధ్యత లేకపోయినా, తరువాత సంపాదించిన సొమ్ముతో విల్సన్ ఆ తరుగు కూడా తీర్చాడు. ఆయన నడవడి ఎటువంటిదో చెప్పడానికి ఈ ఒక్కటి చాలు.

1843లో ఆయన 'ది ఎకానమిస్ట్' అనే వారపత్రికను స్థాపించాడు. ధాన్యం దిగుమతులపై సుంకాలు ఎత్తివేయాలనీ, స్వేచ్ఛావ్యాపారం ఉండాలనీ అందులో వాదించాడు. 1847లో పార్లమెంటు సభ్యుడైనాడు. 1853 నుండి ఐదేళ్లు బ్రిటిష్ ఖజానా శాఖలో ఆర్థిక కార్యదర్శిగా పనిచేశాడు. నేటి స్టాండర్డ్ చార్టర్డ్ బ్యాంకుకు మూలమైన చార్టర్డ్ బ్యాంకు స్థాపకుడు కూడా ఆయనే.

1857 తిరుగుబాటును అణచడానికి పెట్టిన ఖర్చుతో భారత ప్రభుత్వం అప్పుల్లో కూరుకుపోయింది. ఏటికేడు లోటు. ఆ లెక్కలు చక్కదిద్దడానికి వైస్రాయి కౌన్సిలులో ఆర్థిక సభ్యుడిగా విల్సన్‌ను పంపారు. 1859 నవంబరు చివర ఆయన కలకత్తాలో దిగాడు. 1860 ఫిబ్రవరి 18న తన ఆర్థిక ప్రణాళికను సభ ముందుంచాడు. రాజు వర్తకుల నుండి పన్ను తీసుకోవడం ఈ దేశానికి కొత్త కాదని చూపడానికి మనుస్మృతిని కూడా ప్రస్తావించాడు.

ఆయన ప్రతిపాదించిన ఆదాయపు పన్ను బిల్లు 1860 జూలై 24న చట్టమైంది. అందుకే ఆదాయపు పన్ను శాఖ జూలై 24ను ఆదాయపు పన్ను దినంగా జరుపుకుంటుంది. ఏడాదికి 200 రూపాయల లోపు ఆదాయానికి పన్ను లేదు. 200 నుండి 500 లోపు నూటికి రెండు రూపాయలు, ఆపైన నూటికి నాలుగు. ఆ నాలుగులో ఒక రూపాయి ప్రజోపయోగ పనులకు కేటాయించారు. భూమి మీది ఆదాయం, వృత్తి వ్యాపారాలు, రుణపత్రాల వడ్డీ, జీతాలు పింఛన్లు అని నాలుగు పద్దులు. అంటే పింఛను మీద పన్ను అన్నది మన తరానికి వచ్చిన కష్టం కాదు, పన్ను పుట్టిననాడే అదీ పుట్టింది! నెలకు ఇరవై రూపాయల జీతగాడు ఏడాదికి నాలుగు రూపాయల పన్నెండణాల పైచిలుకు కట్టవలసి వచ్చింది.

గట్టి ఎదురుదెబ్బ మన రాజధాని నుండే తగిలింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి. (తెలంగాణ నిజాము ఏలుబడిలో ఉన్నందున ఈ చట్టం అక్కడికి పోలేదు.) మద్రాసు గవర్నరు సర్ చార్లెస్ ట్రెవెల్యన్ ముందు సైనిక వ్యయం తగ్గించమన్నాడు. కొత్త పన్నులు జనంలో అశాంతి రేపుతాయన్నాడు. తన అభ్యంతరాలను పత్రికలకెక్కించినందుకు ఆయన పదవే పోయింది.

విల్సన్ ఆ గెలుపును అనుభవించలేదు. కలకత్తా వేసవిలో విశ్రాంతి లేకుండా పనిచేసి, జిగట విరేచనాలతో 1860 ఆగస్టు 11న 55వ ఏట కన్నుమూశాడు. ఈ దేశంలో ఉన్నది తొమ్మిది నెలలైనా లేదు.

ఆ తరువాత చిన్న ఆదాయాల వారి దగ్గర వసూలయ్యేది స్వల్పమనీ, వారు పడే ఇబ్బంది ఎక్కువనీ తేలింది. 1862లో 500 రూపాయల లోపు వారిని మినహాయించారు. విచిత్రమేమంటే, అదే ట్రెవెల్యన్ ఆర్థిక సభ్యుడిగా కలకత్తాకు తిరిగివచ్చాడు. ఆయన హయాంలోనే 1865లో ఆ పన్ను గడువు ముగిసిపోయింది. అయితే పన్ను మళ్లీ వచ్చింది, పోయింది, చివరకు 1886 చట్టంతో స్థిరపడింది. ఆ తరువాత 1922, 1961 చట్టాలు వచ్చాయి. 1961 చట్టం స్థానే 2025లో కొత్త చట్టం చేశారు. చట్టాలు మారినా, ఒక మొత్తం వరకు మినహాయింపు, ఆదాయాన్ని పద్దులవారీగా విడదీయడం అన్న పద్ధతులు మాత్రం నిలిచాయి. కలకత్తాలో మరుగునపడిన విల్సన్ సమాధిని 2007లో ఒక ఆదాయపు పన్ను అధికారి వెతికి వెలుగులోకి తెచ్చారు.

విల్సన్ పరాయి ప్రభుత్వపు ఖజానా నింపడానికి వచ్చినవాడే, అందులో సందేహం లేదు. ట్రెవెల్యన్ అడిగినట్లు, పన్ను వేసే ముందు ప్రభుత్వం తన ఖర్చు చూసుకోవాలన్న మాటా న్యాయమైనదే. చిన్నవారిని ఫారాలతో వేధించరాదన్నది 1862 నేర్పిన పాఠం. వీటిని ఏ ప్రభుత్వానికైనా మనం గుర్తుచేయవచ్చు. మన వంతు మాటకొస్తే, చట్టం ఇచ్చిన మినహాయింపులన్నీ వాడుకోవడం మన హక్కు, బ్యాంకు వడ్డీని దాచిపెట్టడం మాత్రం ఎగవేత. ఈ రెంటికీ నడుమనున్న గీత సభ్యులందరికీ తెలియాలి. తెలియని వారికి తెలిసినవారు దగ్గర కూర్చోబెట్టుకుని రిటర్ను నింపిపెడితే, అంతకు మించిన సంఘసేవ ఏముంటుంది? చట్టం అడగకపోయినా పాత బాకీ తీర్చిన టోపీల వ్యాపారి నుండి మనం నేర్చుకోదగినది ఆ నిజాయితీయే.