కొలంబసు

పూర్వము ఐరోపా వాసులకు మన దేశపు మిరియములన్నను, చీనా దేశపు పట్టన్నను మిక్కిలి ప్రీతి. అవి ఎడారులు దాటి, పలువురు వర్తకుల చేతులు మారి వచ్చుటచే వాని వెల హెచ్చుగా నుండెడిది. తూర్పు దేశములకు సముద్రమార్గమును కనుగొనిన వానికి అపారమైన ధనము లభించునని అనేకులు తలంచిరి. అట్టివారిలో కొలంబసు ఒకడు.

కొలంబసు 1451 వ సంవత్సరమున ఇటలీలోని జెనోవా రేవుపట్టణమున జన్మించెను. తండ్రి ఉన్నివస్త్రములు నేయువాడు. కొలంబసు చిన్నతనముననే ఓడలపై మక్కువ గలిగి నావికుడయ్యెను. పిదప పోర్చుగలు దేశము చేరి, సముద్రపటములను, యాత్రికుల గ్రంథములను శ్రద్ధతో పరిశీలించెను.

భూమి గుండ్రముగా నున్నదని నాటి పండితులెరుగుదురు. కావున పడమరగా పోయినను తూర్పు దేశములను చేరవచ్చునని కొలంబసు నిశ్చయించెను. కాని భూమి చుట్టుకొలతను అతడు చాల తక్కువగా లెక్కించెను. దూరము మిక్కిలి యెక్కువనియు, అంత దూరము ఓడలు పోజాలవనియు పండితులు ఆక్షేపించిరి. లెక్కలో వారే సరియైనవారు. అయినను నడుమ వేరొక ఖండమున్నదని వారును ఎరుగరు, అతడును ఎరుగడు. పోర్చుగలు రాజు అతని కోరికను నిరాకరించెను. స్పెయిను రాణి ఇసబెల్లా, రాజు ఫెర్డినాండు పెక్కేండ్లు జాగుచేసి, తుదకు 1492 లో అంగీకరించిరి.

ఆ సంవత్సరము ఆగస్టు 3 వ తేదీన కొలంబసు మూడు ఓడలతో, సుమారు 90 మంది నావికులతో పాలోసు రేవునుండి బయలుదేరెను. కానరీ దీవులు విడిచిన పిమ్మట నెల దినములు గడచినను నేల కానరాలేదు. నావికులు భయపడి మరలిపోవుదమని పట్టుబట్టిరి. కొలంబసు వారికి ధైర్యము చెప్పి ముందునకే సాగెను. అక్టోబరు 12 వ తేదీ తెల్లవారుజామున నేల కనబడెను. అది బహామా దీవులలో నొకటి. తాను ఇండియా ప్రాంతమును చేరితినని భ్రమించి, అతడు అచ్చటి వారిని ఇండియనులని పిలిచెను. నిజమునకు వారు తైనో జాతివారు. క్రొత్తవారిని వారు స్నేహముతో ఆదరించిరి.

ఆ ఆదరణకు తగిన ప్రతిఫలము వారికి దక్కలేదు. 1493 లో కొలంబసు 17 ఓడలతో మరల వచ్చి, హిస్పానియోలా దీవిలో వలసను నెలకొల్పెను. బంగారమును కప్పముగా తెమ్మని తైనోలను నిర్బంధించెను. 1495 లో సుమారు 500 మందిని బానిసలుగా ఓడలకెక్కించి స్పెయినుకు పంపెను. వారిలో పలువురు త్రోవలోనే మరణించిరి. దౌర్జన్యము, కఠినశ్రమ, క్రొత్త వ్యాధులు కలిసి కొన్ని దశాబ్దములలోనే ఆ జాతిని క్షీణింపజేసెను. కొలంబసు పాలనపై ఫిర్యాదులు రాగా, 1500 లో అతనిని సంకెళ్లతో స్పెయినుకు పంపిరి. రాజదంపతులు విడిపించిరి గాని, పాలనాధికారమును తిరిగి ఈయలేదు. నాలుగు యాత్రలు చేసియు, తాను చేరినది ఆసియా ఖండమే యని నమ్ముచు అతడు 1506 మే 20 వ తేదీన మరణించెను.

దాదాపు నాలుగు శతాబ్దముల పిమ్మట ఇటలీలోని పేదలు లక్షల సంఖ్యలో పొట్టకూటికై అమెరికాకు వలసపోయిరి. అచ్చట కూలిపనులు చేయుచు అవమానములు సహించిరి. 1891 లో న్యూ ఆర్లియన్సు నగరమున ఒక గుంపు 11 మంది ఇటాలియనులను చంపెను. ఆ మరుసటి యేడే కొలంబసు యాత్రకు 400 ఏండ్లు నిండెను. తామును ఈ దేశమునకు పరాయివారము కామని చాటుటకు ఇటాలియనులు చందాలు వేసికొని న్యూయార్కులో అతని విగ్రహమును నిలిపిరి. 1934 లో అధ్యక్షుడు రూజువెల్టు అక్టోబరు 12 ను కొలంబసు దినముగా ప్రకటించెను. 1971 నుండి అక్టోబరు రెండవ సోమవారమున అది జాతీయ సెలవుదినముగా జరుగుచున్నది.

కాని అమెరికా ఆదివాసులకు ఆ దినము తమ పూర్వుల కడగండ్లను జ్ఞప్తికి దెచ్చును. కావున 1992 నుండి బర్కిలీ పట్టణమున ఆ దినమును ఆదివాసుల దినముగా జరుపసాగిరి. తరువాత అనేక పట్టణములు ఆ మార్గమునే అనుసరించినవి. 2021 లో అధ్యక్షుడు బైడెను రెండు దినములను గూర్చియు ప్రకటనలు వెలువరించెను.

తెలియని సముద్రమున ఓడ నడిపిన ధైర్యము కొలంబసుది. ఆదరించిన వారిని బానిసలుగా చేసిన దోషమును అతనిదే. ఒకదానిని చెప్పి రెండవదానిని దాచినచో అది చరిత్ర కానేరదు.