లెక్కకు తెలుగు నేర్పిన మల్లన

బషీర్‌బాగ్‌లో ఐదో క్లాసు పిల్లాణ్ణి షాపు బిల్లు మీద 12.5 పెద్దదా, 12.45 పెద్దదా అని అడగండి. 45 పెద్దది కదా అని రెండోదే అంటాడు. అదే పన్నెండున్నర రూపాయలు అనండి, టక్కున సర్దుకుంటాడు. తెలిసిన వస్తువుతో తెలియని లెక్క చెప్పే ఈ పద్ధతి తెలుగులో పావులూరి మల్లనతోనే కనిపిస్తుంది.

ఆయన 11వ శతాబ్దం వాడని ఎక్కువమంది పండితుల మాట. ఊరు గుండ్లకమ్మ ప్రాంతపు కమ్మనాటిలోని పావులూరు. అంతకు ముందే, 9వ శతాబ్దంలో, రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో జైన పండితుడు మహావీరాచార్యుడు సంస్కృతంలో గణితసారసంగ్రహం రాశాడు. మల్లన దాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మనకు దొరికిన తొలి తెలుగు శాస్త్రగ్రంథం ఇదేనంటారు. మక్కీకి మక్కీ దించలేదాయన. శైవుడు కాబట్టి జైన సంగతులున్న చోట శివుణ్ణి, శివపూజను పెట్టాడు. పద్యం కాబట్టి పుస్తకం చేతిలో లేకున్నా లెక్క నోట్లో ఉంటుంది.

ఆయన పుస్తకంలో భిన్నాలే, దశాంశ బిందువు లేదు. మన రూపాయికీ 16 అణాలే ఉండేవి. 1957 ఏప్రిల్ 1న రూపాయికి 100 నయాపైసలు అయ్యాకే దశాంశం జేబులోకొచ్చింది. 2011లో పావలా చెల్లకుండా పోయింది. ఇక 0.25ను పిల్లాడి చేతిలో పెట్టి చూపించలేం.

మల్లన అయితే ఏం చేసేవాడు? ఉదాహరణ మార్చేవాడు. పావుకిలో టమాటాలు తూకం వేయించి, కాటా మీద 0.250 చూపించేవాడేమో. ఈ ఆదివారం మన వీధి పిల్లలతో మనమూ అదే చేద్దాం.