పురుటి మంచము ప్రక్కన నిలిచిన తల్లి: డాక్టర్ అన్నా సారా కుగ్లర్

గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో పుట్టామని సంతోషముగా చెప్పుకొనే పెద్దలు మన సంఘములలో ఉన్నారు. కాని ఆ కుగ్లర్ ఎవరో, సముద్రములు దాటి ఎందుకు వచ్చారో నేటి యువతరములో చాలామంది ఎరుగరు. అందుచేత ఈ శతవార్షిక సంచికలో ఆమెను జ్ఞాపకము చేసుకొనుట మన విధి అని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

కుగ్లర్ గారు 1856 ఏప్రిల్ 19న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రము, ఆర్డ్‌మోర్‌లో జన్మించారు. 1879లో ఆ రాష్ట్రపు స్త్రీల వైద్య కళాశాలలో పట్టా పొందారు. గుంటూరు స్త్రీలకు వైద్యురాలు కావాలని ఇక్కడి మిషనరీ ఒకరు వ్రాసిన ఉత్తరము ఆమె మనస్సును కదిలించింది. అయితే లూథరన్ స్త్రీల మిషనరీ సమాజము వైద్యసేవకు అప్పటికి సిద్ధముగా లేదు. గోషా స్త్రీలకు చదువు చెప్పే పనికి పంపుతామన్నది. ఆమె దానికే ఒప్పుకొని 1883 నవంబరు 29న గుంటూరు చేరారు.

వచ్చినది పంతులమ్మగానే. కాని వ్యాధిగ్రస్తులైన స్త్రీలను చూచి ఊరకుండలేక మొదటి సంవత్సరమునుండే వైద్యము చేశారు.

ఆనాడు ప్రాణము మీదికి వచ్చినా చాలా ఇండ్లలో మగ వైద్యుని పురుటిగదిలోనికి రానిచ్చేవారు కారు. మంత్రసానికి ఓర్పూ అనుభవమూ ఉండేవి. కాని బిడ్డ అడ్డము తిరిగినా, మాయ పడకపోయినా, రక్తము ఆగకపోయినా ఆమె చేయగలిగినది కొంచెమే. శుభ్రములేని చేతులవలన తల్లికి పురిటి జ్వరము, శుభ్రములేని కత్తితో బొడ్డు కోయుటవలన బిడ్డకు ధనుర్వాతము వచ్చేవి. కాన్పు గడిచిందని ఇల్లు సంతోషించిన కొద్దిదినములకే తల్లో, బిడ్డో దక్కకపోయేవారు.

1885లో సమాజము ఆమెను వైద్య మిషనరీగా నియమించింది. 1886లో డిస్పెన్సరీ పని ఆరంభమైనది. 1889లో స్వదేశము వెళ్లి, 1891లో తిరిగి వచ్చారు. 1890ల చివరికి స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి లేచినది. తన భార్యకు జరిగిన వైద్యమునకు కృతజ్ఞతగా ఏలూరు రాజాగారు రోగుల బంధువులు దిగుటకు ఆసుపత్రి ఎదుట సత్రము కట్టించారు.

అయితే డాక్టరు ఒక్కరే ఎన్ని మంచముల ప్రక్కన కూర్చుండగలరు? కాన్పు గంటలో తేలే పని కాదు. నొప్పులు ఎంతసేపటికి ఒకసారి వచ్చుచున్నవి, ఎంతసేపు నిలుచుచున్నవి, తల్లి నాడి ఎట్లున్నది, పొట్టపై చేయి వేసి చూస్తే బిడ్డ తల ఎటున్నది, బిడ్డ గుండె చప్పుడు సరిగా ఉన్నదా, రక్తము ఎంత పోవుచున్నది అని రాత్రి తెల్లవార్లూ చూచేది నర్సు. ఆపదను ముందే గుర్తించి డాక్టరుకు కబురు పంపేది ఆమె. బిడ్డ పుట్టిన తరువాతి గంటలలో తల్లిని విడువక కనిపెట్టేది ఆమె. రక్తము, మైల అని లోకము వెనుదీసిన ఆ పనిని మన తెలుగు ఆడపిల్లలు ఆ ఆసుపత్రిలో నేర్చుకొని చేపట్టారు. కుగ్లర్ గారి సేవలో గోడలకంటె గొప్ప ఫలము ఇదే అని మా అభిప్రాయము.

ప్రభుత్వము 1905లో ఆమెకు కైసర్-ఇ-హింద్ పతకము ఇచ్చి గౌరవించింది. 1928లో గుంటూరు మిషన్ ఆసుపత్రి చరిత్రను ఆమె గ్రంథముగా వెలువరించారు. 1930 జులై 26న, 74 ఏండ్ల వయస్సున, గుంటూరులోనే ప్రభువునందు నిద్రించారు. తరువాత ఆ ఆసుపత్రికి ఆమె పేరే పెట్టారు.

ఆమె పేరు నిలిచినది. ఆమెతో రాత్రులు మేల్కొన్న నర్సులలో అనేకుల పేర్లు మనము మరచితిమి. అట్టి సేవ చేసి నేడు వార్ధక్యములో ఉన్న నర్సమ్మలు మన సంఘములలోనూ ఉన్నారు. ఆదివారము వెనుక వరుసలో కూర్చుండి మౌనముగా వెళ్లిపోవుచున్నారు. వారు ఉండగానే వారి అనుభవములను అడిగి వ్రాసి ఉంచుకొందుము. కుగ్లర్ గారికి మనము చెల్లించగల కృతజ్ఞత అదే.