బ్రౌన్ దొర బ్యాకప్

మాది కంభం. మొన్న సంక్రాంతికి ఇంటికెళ్లి బీరువా సర్దుతుంటే నా పాత హార్డ్ డిస్క్ చేతికొచ్చింది. సెకండియర్‌లో మా అవ్వ చేత పాడించి రికార్డు చేసిన నాట్ల పాటలన్నీ అందులోనే ఉన్నాయి. హాస్టల్లో డిస్కులు చేతులు మారుతుంటాయి కదా, అందుకని మొత్తం ఎన్‌క్రిప్ట్ చేశాను. పాస్‌వర్డు, రికవరీ కీ రెండూ లాప్‌టాప్‌లోనే ఒక ఫైల్లో దాచుకున్నా. ఆ లాప్‌టాప్ చచ్చిపోయింది. డిస్క్ బాగానే ఉంది గానీ తెరుచుకోదు. అవ్వ నిరుడు చనిపోయింది.

ఆ దిగులులోనే సి.పి. బ్రౌన్ గురించి చదవడం మొదలుపెట్టా. నిఘంటువు రాసిన దొర అని బళ్లో ఒక మార్కు ప్రశ్నకి నేర్చుకున్నాం, అంతే. అసలు కథ అంతకంటే చాలా ఉంది.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో పుట్టాడు. కంపెనీ ఉద్యోగిగా 1817లో మద్రాసు వచ్చి, తెలుగు నేర్చుకుని, 1820లో కడపకి వచ్చాడు. అప్పట్లో మా కంభం కూడా కడప జిల్లాలోనే ఉండేది. ఆయన వచ్చేనాటికి తెలుగు పుస్తకమంటే ఎక్కువగా తాటాకు కట్టే. చెదలు పట్టినా, తడి తగిలినా ఆ కావ్యం అంతటితో సరి. ఎవరింట్లోనైనా ఇంకో ప్రతి ఉంటే బతికినట్టు, లేకపోతే పోయినట్టే.

బ్రౌన్ కడపలో బంగళా కొని, పండితుల్నీ లేఖకుల్నీ జీతాలిచ్చి పెట్టుకున్నాడు. జీతం డబ్బులు చాలక అప్పులు కూడా చేశాడు. ఒక గ్రంథానికి దొరికినన్ని ప్రతులు తెప్పించేవాడు, పక్కపక్కన పెట్టి తేడాలు పట్టించేవాడు, తర్వాత కాగితం మీద శుద్ధ ప్రతి రాయించేవాడు. అలా తేల్చిన వేమన పద్యాలు 1829లో అచ్చయ్యాయి. మెకంజీ దొర ఊరూరా రాయించిన కైఫీయతులు శిథిలమైపోతుంటే వాటికీ నకళ్లు తీయించాడు. మధ్యలో కొన్నేళ్లు లండన్‌లో ఉండాల్సి వచ్చినా ఊరుకోలేదు. ఇండియా హౌస్ గ్రంథాలయంలో మూలన పడున్న దక్షిణాది రాతప్రతుల్ని మద్రాసుకి తిరిగి పంపించాడు. చివరికి తన సేకరణని కూడా మద్రాసు లిటరరీ సొసైటీకి ఇచ్చేశాడు.

నాకు అన్నిటికంటే తగిలింది ఇంకోటి. నకలు తీసి పెడితే చాలనుకోలేదు ఆయన. చదివి అర్థం చేసుకునేవాడు లేకపోతే ఆ ప్రతి ఉన్నా తాళం వేసిన పెట్టే కదా. అందుకే జూలూరి అప్పయ్య లాంటి పండితుల చేత వ్యాఖ్యానాలు రాయించాడు, వ్యాకరణం రాశాడు, 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చేయించాడు. ప్రతి ఒక చోట, తాళంచెవి అందరి చేతుల్లో. నేను సరిగ్గా దీనికి తిరగేసి చేశాను.

ఉద్యోగం వదిలి లండన్ వెళ్లాక అక్కడి యూనివర్సిటీలో తెలుగు ఆచార్యుడిగా కూడా ఉన్నాడు. 1884 డిసెంబరు 12న అక్కడే పోయాడు. పెళ్లి చేసుకోలేదు. కడపలో ఆయన బంగళా ఉన్నచోట ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. మా ఊరి నుంచి ఒక పూట ప్రయాణం, వెళ్లిరండి.

ఇప్పుడు నా దగ్గర రెండు డిస్కులున్నాయి, ఒకటి హాస్టల్లో, ఒకటి కంభంలో. రెండూ ఎన్‌క్రిప్ట్ చేసినవే. రికవరీ కీ మాత్రం కాగితం మీద రాసి అమ్మ దగ్గర, పొలం పాసుపుస్తకంతో పాటు పెట్టించా. నెలకోసారి వేరే కంప్యూటర్లో ఒక ఫైలు తెరిచి చూస్తా, నిజంగా వస్తుందో లేదో అని. పాత డిస్క్ కూడా పారేయలేదు. అవ్వతో పాటు నాట్లేసిన ముసలమ్మలు మా వీధిలో ఇంకా ఇద్దరున్నారు. ఈ వేసవి సెలవుల్లో ఫోను పట్టుకుని వాళ్ల దగ్గర కూర్చోవాలి.