గాడిచర్ల హరిసర్వోత్తమరావు

గాడిచర్ల హరిసర్వోత్తమరావు (1883 సెప్టెంబర్ 14 - 1960 ఫిబ్రవరి 29) స్వాతంత్ర్య సమరయోధుడు, పత్రికా సంపాదకుడు, రచయిత, గ్రంథాలయోద్యమ నాయకుడు, వయోజన విద్యా ప్రచారకుడు. ఉపాధ్యాయ వృత్తికి శిక్షణ పొందుతుండగా 1907లో రాజమండ్రి కళాశాల నుండి బహిష్కరణకు గురై, ప్రభుత్వోద్యోగానికి శాశ్వతంగా అనర్హుడయ్యాడు. ఆ మరుసటి ఏడాది బెజవాడ (నేటి విజయవాడ) నుండి స్వరాజ్య పత్రికను నడిపి కారాగార శిక్ష అనుభవించాడు. ఆంధ్రదేశంలో తొలి రాజకీయ ఖైదీగా పేరొందాడు. ప్రజలు ఆయనను ఆంధ్ర తిలక్ అని గౌరవించారు.

బాల్యం, విద్యాభ్యాసం

హరిసర్వోత్తమరావు కర్నూలులో జన్మించాడు. తల్లిదండ్రులు భాగీరథీబాయి, వెంకటరావు. వీరి పూర్వీకులది కడప జిల్లా సింహాద్రిపురం. కుటుంబం పేదది కావడంతో ఆయన చదువు ఎక్కువగా ఉపకార వేతనాల మీదనే సాగింది. కర్నూలు, గుత్తి, నంద్యాలలలో చదివి, ఉన్నత విద్యకు మద్రాసు వెళ్ళాడు. 1906లో ఎం.ఏ. పూర్తి చేసాడు. ఆ రోజుల్లో తెలుగువారిలో ఎం.ఏ. పట్టభద్రులు బహు అరుదు. అంతటి చదువు చదివిన యువకుడికి ప్రభుత్వ కొలువు దాదాపు ఖాయమని భావించేవారు. ఆయన ఉపాధ్యాయ వృత్తిని ఎంచుకుని, శిక్షణ కోసం రాజమండ్రిలోని ప్రభుత్వ ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చేరాడు.

ఆనాటి ఉపాధ్యాయ నియామక విధానం

హరిసర్వోత్తమరావుకు జరిగిన నష్టం అర్థం కావాలంటే ఆనాటి పాఠశాలల ఏర్పాటు తెలియాలి. 1854 నాటి వుడ్ తాఖీదు తరువాత మద్రాసు రాష్ట్రంలో విద్యాశాఖ ఏర్పడింది. ప్రభుత్వం స్వయంగా నడిపే పాఠశాలలు కొన్ని మాత్రమే. మిగిలినవాటిలో స్థానిక బోర్డులవి, పురపాలక సంఘాలవి, క్రైస్తవ మిషనరీలు, జమీందారులు, ప్రైవేటు సంస్థలు నడిపేవి ఉండేవి. ప్రైవేటు పాఠశాలలలో అధిక భాగం ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు మీద ఆధారపడినవే.

పట్టభద్రులు ఉన్నత పాఠశాలలలో స్థిరపడడానికి మద్రాసు విశ్వవిద్యాలయం వారి ఎల్.టి. పట్టం ముఖ్యమైన అర్హతగా ఉండేది. ప్రైవేటు యాజమాన్యాలు ఉపాధ్యాయులను తామే నియమించుకున్నా, పాఠశాలకు గుర్తింపు, గ్రాంటు, విద్యార్థులకు పరీక్షలకు వెళ్ళే హక్కు ఇవన్నీ విద్యాశాఖ చేతిలో ఉండేవి. కనుక ప్రభుత్వం వద్దన్న మనిషిని ప్రైవేటు పాఠశాల కూడా చేర్చుకోవడానికి జంకేది. ప్రభుత్వోద్యోగానికి అనర్హుడని ముద్ర పడితే, ఆ ముద్ర ఆచరణలో గ్రాంటు పొందే పాఠశాలల తలుపులు కూడా మూసివేసేది.

రాజమండ్రి సంఘటన

1905లో బెంగాల్ విభజనకు వ్యతిరేకంగా మొదలైన వందేమాతరం ఉద్యమం త్వరలోనే ఆంధ్ర ప్రాంతానికి వ్యాపించింది. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ విశాఖపట్నం, కాకినాడ, రాజమండ్రి, బెజవాడ, మచిలీపట్నం పట్టణాలలో పర్యటించాడు. రాజమండ్రిలో ఆయన ప్రసంగాలను చిలకమర్తి లక్ష్మీనరసింహం తెలుగులోకి అనువదించాడు. విద్యార్థులు సభలకు పెద్ద సంఖ్యలో హాజరై, వందేమాతరం బిళ్ళలు ధరించి తరగతులకు వెళ్ళసాగారు.

కళాశాల ప్రిన్సిపాలు మార్క్ హంటర్ దీనిని క్రమశిక్షణా రాహిత్యంగా పరిగణించాడు. వందేమాతరం నినాదాన్ని, బిళ్ళలను నిషేధించాడు. విద్యార్థులు లొంగలేదు. అనేకులపై చర్యలు తీసుకున్నారు. శిక్షణ కళాశాల విద్యార్థి అయిన హరిసర్వోత్తమరావును నాయకుడిగా భావించి కళాశాల నుండి బహిష్కరించారు. అంతటితో ఆగక, ఆయనకు ప్రభుత్వోద్యోగం ఇవ్వరాదని ఆదేశించారు. రాజమండ్రి సంఘటన విద్యార్థి ఉద్యమాలకు ఆంధ్రదేశంలో తొలి ఉదాహరణలలో ఒకటి.

ఇది ఒక ఊరికి పరిమితమైన విషయం కాదు. అదే సంవత్సరం మే నెలలో భారత ప్రభుత్వ హోంశాఖ కార్యదర్శి రిస్లీ పేరుతో వెలువడిన సర్క్యులరు విద్యార్థులను, ఉపాధ్యాయులను రాజకీయాలకు దూరంగా ఉంచాలని దేశమంతటా ఆదేశించింది. అతిక్రమించిన సంస్థలకు గ్రాంటు, గుర్తింపు రద్దు కాగలవని హెచ్చరించింది. ఆ విధంగా ఉపాధ్యాయుడి ఎంపికలో చదువు, శిక్షణలతోపాటు రాజభక్తి కూడా ఒక అర్హతగా చేరినట్లయింది.

ఇటువంటి ఆంక్షలకు సమాధానంగా కొందరు ప్రభుత్వ గ్రాంటుతో నిమిత్తం లేని విద్యాసంస్థలను స్థాపించడానికి పూనుకున్నారు. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్యల కృషితో 1910లో మచిలీపట్నంలో ప్రారంభమైన ఆంధ్ర జాతీయ కళాశాల వాటిలో ప్రసిద్ధమైనది. అక్కడ సాధారణ విద్యతోపాటు చేతిపనులు, లలితకళలు నేర్పేవారు. అయితే అది ప్రారంభమయ్యేనాటికి హరిసర్వోత్తమరావు కారాగారంలో ఉన్నాడు.

స్వరాజ్య పత్రిక

పాఠశాలలో చోటు లేకపోవడంతో హరిసర్వోత్తమరావు పత్రికా రంగానికి వచ్చాడు. 1908లో బెజవాడ నుండి స్వరాజ్య అనే వారపత్రిక ప్రారంభమైనది. దానికి ఆయన సంపాదకుడు. బోడి నారాయణరావు ప్రచురణకర్త. రైలు కూడలిగా, కృష్ణా కాలువల పడవ రవాణాకు కేంద్రంగా ఎదుగుతున్న బెజవాడ నుండి పత్రిక డెల్టా గ్రామాలకు సులభంగా చేరేది.

1908 మార్చిలో తిరునెల్వేలిలో వి.ఓ.చిదంబరం పిళ్ళై, సుబ్రహ్మణ్య శివల అరెస్టుకు నిరసనగా అల్లర్లు జరిగాయి. పోలీసు కాల్పులలో కొందరు మరణించారు. దీనిని తీవ్రంగా ఖండిస్తూ స్వరాజ్యలో విపరీత బుద్ధి అనే శీర్షికతో సంపాదకీయం వెలువడింది. ప్రభుత్వం దానిని రాజద్రోహంగా భావించి సంపాదకుడి మీద, ప్రచురణకర్త మీద కేసు పెట్టింది. హరిసర్వోత్తమరావుకు మొదట విధించిన శిక్ష స్వల్పమని ప్రభుత్వం హైకోర్టుకు వెళ్ళగా, అది మూడు సంవత్సరాల కఠిన శిక్షగా మారింది. పత్రిక ఆగిపోయింది.

కారాగార జీవితం

ఆయనను వెల్లూరు జైలులో బందిపోట్లు, గజదొంగల మధ్య ఉంచారు. రాజకీయ ఖైదీలను వేరుగా చూసే పద్ధతి అప్పటికి లేదు. కాళ్ళకు, చేతులకు సంకెళ్ళు, మెడలో ఖైదీ సంఖ్య తెలిపే కొయ్య పలకతో ఆయన శిక్షాకాలం గడిపాడు. తరువాతి సత్యాగ్రహ కాలంలో జైలుకు వెళ్ళడం గౌరవంగా భావించబడింది. 1908లో మాత్రం అది కుటుంబానికి, పరిచయస్థులకు భయం కలిగించే విషయంగానే ఉండేది.

విడుదల తరువాత

జైలు నుండి విడుదలైన తరువాత కూడా పోలీసు నిఘా ఆయనను వెంటాడింది. ఆశ్రయం ఇవ్వడానికి, ఉద్యోగం ఇవ్వడానికి జనం వెనుకాడారు. ఆ స్థితిలో కొమర్రాజు లక్ష్మణరావు ఆయనకు అండగా నిలిచి మద్రాసులోని విజ్ఞాన చంద్రికా మండలిలో పని కల్పించాడు. ఈ మండలి తొలి ప్రచురణలలో ఒకటైన అబ్రహాము లింకను చరిత్రను హరిసర్వోత్తమరావు అంతకుముందే, 1907లో, రచించి ఉన్నాడు. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం పనిలో కూడా ఆయన లక్ష్మణరావుకు తోడ్పడ్డాడు. తెలుగులో శాస్త్ర, చరిత్ర గ్రంథాలను సామాన్య పాఠకుడికి అందించాలన్న మండలి ఆశయం ఆయన తరువాతి జీవితానికి దారి చూపింది.

1914లో ఆంధ్రపత్రిక మద్రాసు నుండి దినపత్రికగా వెలువడడం మొదలైనది. దాని తొలి సంవత్సరాలలో ఆయన సంపాదక బాధ్యతలు నిర్వహించాడు. 1916లో హోమ్‌రూల్ ఉద్యమంలో చేరి ప్రచారం చేసాడు. 1927లో నంద్యాల నుండి మద్రాసు శాసన మండలికి ఎన్నికయ్యాడు. ప్రభుత్వ పాఠశాలలో పాఠం చెప్పడానికి అనర్హుడైన వ్యక్తి, ప్రభుత్వ బడ్జెటును ప్రశ్నించే సభలో కూర్చోవడం గమనించదగిన విషయం.

1928లో నంద్యాలలో జరిగిన సభలలో దత్తమండలం అనే పేరుకు బదులుగా రాయలసీమ అనే పేరు వాడుకలోకి వచ్చింది. ఈ పేరు సూచించినది హరిసర్వోత్తమరావు అని కొందరు, చిలుకూరి నారాయణరావు అని కొందరు చెబుతారు.

గ్రంథాలయోద్యమం, వయోజన విద్య

1914 ఏప్రిల్ 10న బెజవాడలో జరిగిన గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ ఫలితంగా ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. అయ్యంకి వెంకటరమణయ్య దీనికి ప్రధాన కారకుడు. ప్రభుత్వం ఏర్పరచిన సంస్థ కాకుండా, గ్రామాలలో ప్రజలు స్వయంగా నెలకొల్పుకున్న గ్రంథాలయాల సమాఖ్య కావడం దీని విశేషం. హరిసర్వోత్తమరావు 1930ల నుండి దీర్ఘకాలం ఈ సంఘానికి అధ్యక్షుడుగా పనిచేసాడు.

ఆయన దృష్టిలో గ్రంథాలయమంటే పుస్తకాలు దాచే గది కాదు. అక్షరాస్యులు తక్కువగా ఉన్న ఊళ్ళలో చదువు రానివారికి చదివి వినిపించడం, రాత్రి బడులు నడపడం, పెద్దలకు అక్షరాలు నేర్పడం కూడా గ్రంథాలయ బాధ్యతలేనని ప్రచారం చేసాడు. పగలు పొలం పనికి వెళ్ళే రైతుకూలీకి పాఠశాల వేళలు పనికిరావు. గ్రామంలో చదువు వచ్చిన యువకుడే అతనికి ఉపాధ్యాయుడు కావాలి. ఈ బోధకుడికి ప్రభుత్వ నియామక పత్రం అవసరం లేదు. కావలసినది ఓపిక, కొద్దిపాటి శిక్షణ. ఈ భావాలతో ఆయన గ్రామగ్రామాన పర్యటించి గ్రంథాలయ కార్యకర్తలను కూడగట్టాడు.

కృష్ణా డెల్టా ఈ ఉద్యమానికి సారవంతమైన భూమి అయింది. 1935లో పాతూరి నాగభూషణం ఆధ్వర్యంలో పెదవడ్లపూడి నుండి కాలువ మీద పడవ గ్రంథాలయం నడిచింది. పడవ ప్రయాణికులు, కాలువ గట్టు గ్రామాల ప్రజలు దానిని వినియోగించుకున్నారు.

ప్రజల విరాళాలతో నడిచే గ్రంథాలయాలకు స్థిరమైన ఆదాయం ఉండాలన్నది ఉద్యమకారుల కోరిక. 1948లో మద్రాసు ప్రజా గ్రంథాలయాల చట్టం వచ్చింది. దీని ప్రకారం స్థానిక గ్రంథాలయ సంస్థలు ఏర్పడి, ఆస్తిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను వసూలు చేసే ఏర్పాటు జరిగింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత 1960లో రాష్ట్రానికంతటికీ ఒకే గ్రంథాలయ చట్టం అమలులోకి వచ్చింది.

మరణం, స్మృతి చిహ్నాలు

హరిసర్వోత్తమరావు 1960 ఫిబ్రవరి 29న మరణించాడు. విజయవాడ పటమటలోని సర్వోత్తమ భవనం ఆయన పేరు మీద వెలసినది. గ్రంథాలయ సంఘ కార్యకలాపాలకు ఈ భవనం కేంద్రమైంది. పాతూరి నాగభూషణం కృషితో గ్రంథాలయ శాస్త్రంలో శిక్షణ కూడా విజయవాడలో సాగింది. 1907లో ఉపాధ్యాయ శిక్షణ మధ్యలోనే ఆగిపోయిన వ్యక్తి పేరుతో, అదే కృష్ణాతీరంలో, గ్రంథాలయోద్యమానికి శాశ్వతమైన చిరునామా ఏర్పడింది.